ఆరోగ్య దర్శిని: రాత్రి అన్నం తినని పిల్ల

గత సంచికలో వేసవి తాపాన్ని గురించి మేము వ్రాసిన వ్యాసం చదివి, పదవీ విరమణ చేసిన సహోద్యోగి ఒకరు ఉత్తరం వ్రాశారు. వారి మనుమలకు లిచీ పండ్లంటే ప్రాణమట. ఆ పండ్లు తింటే మెదడువాపు వస్తుందని ఎవరో చెప్పగా కోడలు బుట్టెడు పండ్లను చెత్తకుండీ పాలు చేసినదట. "మీరు బీహారులో కొంతకాలం పనిచేసి వచ్చారు గనుక ఇందులోని నిజానిజాలు తెలుపగలరు" అని వారు కోరారు. క్లుప్తంగా చెప్పవలసివస్తే, రాత్రిపూట కడుపునిండా అన్నం తిని పడుకునే పిల్లలు బాగా పండిన లిచీలు నాలుగు తిన్నంత మాత్రాన భయపడవలసినది లేదు. పోయిన పండ్లకు మా సానుభూతి. అయితే ఆ భయం గాలిలో నుండి పుట్టినది కాదు. దాని వెనుక పెద్ద కథ ఉన్నది. అందులో కొంత భాగం మా కళ్ళ ఎదుట జరిగినది కనుక ఈ నెల శీర్షికను దానికే కేటాయిస్తున్నాము.

2013 వేసవిలో మేము ముజఫర్‌పూర్ జిల్లాలో ఒక సబ్‌స్టేషను నిర్మాణ పనిమీద ఉన్నాము. చుట్టూ లిచీ తోటలు. మే నెల సగం గడిచేసరికి చెట్లు ఎర్రని గుత్తులతో వంగిపోయి ఉంటాయి. తోటల కాపలా, కోత, పెట్టెలలో సర్దుట, అన్నీ కూలివారి కుటుంబాలే చూసుకుంటాయి. పిల్లలు పగలంతా చెట్ల క్రిందనే తిరుగుతూ రాలిన కాయలు, పచ్చివో పండువో, ఏరుకొని తింటూ ఉంటారు. ఆ ఋతువులోనే అక్కడి పల్లెలలో ఒక జబ్బు వచ్చేది. స్థానికులు దానిని 'చమ్‌కీ బుఖార్' అనేవారు. చమ్‌కీ అంటే పిల్లవాడు ఉలిక్కిపడినట్లు కాళ్ళూ చేతులూ కొట్టుకొనుట. రాత్రి ఆడుకొని పడుకున్న పిల్ల తెల్లవారుజామున ఒక్క కేక పెట్టి, ఫిట్స్ వచ్చి, తెలివి తప్పేది. వానలు పడగానే జబ్బు మాయమయ్యేది. మరుసటి యేడు లిచీతోపాటు మళ్ళీ వచ్చేది.

జూన్ మొదటి వారంలో ఒకనాటి ఉదయం అయిదు గంటలకు మా సైటులోని తాపీమేస్త్రీ ఒకతను క్యాంపు గది తలుపు తట్టాడు. భుజంమీద అయిదేళ్ళ కూతురు. కనుగుడ్లు పైకి తేలి ఉన్నాయి. "సాబ్, జీపు ఇప్పించండి" అన్నాడు. జీపు తీయించి మేమూ ఎక్కాము. పిల్లను ఒడిలో పెట్టుకొని నాయనమ్మ వెనుక కూర్చున్నది. నాలుగు కిలోమీటర్ల దూరంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉన్నది. డ్రైవరు అక్కడ వేగం తగ్గించి మావైపు చూశాడు. "మెదడువాపుకు ఇక్కడ ఏమి చేస్తారు, పట్నానికే పోనియ్యి" అన్నాము. ఆ మాట అన్నది మేమే. పట్నం చేరేసరికి గంటన్నర పట్టినది. ఆ దారిలో నాయనమ్మ ఒకే సంగతి పదేపదే చెప్పుకుంటూ ఏడ్చినది. పిల్ల సాయంత్రం తోటలో నుండి వచ్చి, ఆకలి లేదని, రొట్టె ముట్టకుండా పడుకున్నదట. ఆ మాటలను మేము దుఃఖంగా విన్నామే తప్ప సమాచారంగా వినలేదు. ఆ పిల్ల మరుసటి రోజు మధ్యాహ్నం పోయినది. కాగితం మీద కారణం మెదడువాపు అని వ్రాసి ఇచ్చారు.

మన కంట్రోలు రూములో బ్రేకరు పడిపోతే ఆపరేటరు లాగ్‌బుక్కులో 'ట్రిప్ అయినది' అని వ్రాస్తాడు. అది జరిగిన సంగతి మాత్రమే, కారణం కాదు. ఏ రిలే పనిచేసినది, ఏ జెండా పడినది అని చూడకుండా బ్రేకరును మళ్ళీ వేసే ఇంజనీరును మనం ఉపేక్షించము. 'మెదడువాపు' అనే మాట కూడ సరిగా 'ట్రిప్' వంటిదే. జ్వరం, ఫిట్స్, అపస్మారకం కలిసి హఠాత్తుగా వస్తే ప్రభుత్వ లెక్కలలో అన్నిటినీ ఒకే గుంపులో వేస్తారు. ఏ కేసూ లెక్క తప్పిపోకుండా ఉండుటకు అది మంచి ఏర్పాటే. చిక్కంతా ఆ గుంపు పేరునే జబ్బు పేరు అనుకొని అక్కడ ఆగిపోవుటలో ఉన్నది.

వైద్యులు ఇందులో రెండు మాటలను వేరుగా వాడతారు. సూక్ష్మజీవి మెదడులో ప్రవేశించి అక్కడ వాపు కలిగిస్తే అది ఎన్‌సెఫలైటిస్. వాపు లేకుండానే, విషం వలననో, కాలేయమో మూత్రపిండమో చెడిపోవుట వలననో, ప్రాణవాయువు గాని చక్కెర గాని అందకపోవుట వలననో మెదడు పనిచేయుట మానివేస్తే అది ఎన్‌సెఫలోపతి. మంచంమీది రోగిని చూసి ఇది ఇదీ, అది అదీ అని సామాన్యులు చెప్పలేరు. కొన్నిసార్లు వైద్యులకూ కష్టమే. కాని చికిత్స పూర్తిగా వేరు.

మన దేశంలో ఈ గుంపు లోపల ఎన్ని జబ్బులు దాగి ఉన్నవో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అందరికీ తెలిసినది జపనీస్ మెదడువాపు. 1955లో వెల్లూరు ప్రాంతంలో అది మన దేశంలో మొదటిసారి గుర్తింపబడినది. పందులలో, నీటి పక్షులలో ఉండే వైరస్‌ను వరిమళ్ళలో పుట్టే క్యూలెక్స్ దోమ మనుషులకు ఎక్కిస్తుంది. దీనికి టీకా ఉన్నది. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలకు మెదడువాపు వచ్చి 329 మందిలో 183 మంది మరణించినప్పుడు, మొదట అందరి దృష్టీ దీనిమీదకే పోయినది. పరిశోధనలో బయటపడినది మాత్రం చండీపురా వైరస్. 1965లో నాగపూరు సమీపంలోని ఒక గ్రామంలో కనుగొన్నందున దానికి ఆ ఊరి పేరే పెట్టారు. దానిని మోసేది దోమ కాదు, గోడల పగుళ్ళలో దాగే ఇసుక ఈగ. గోరఖ్‌పూర్ వైపు ఏళ్ళ తరబడి పిల్లలను బలిగొన్న మెదడువాపులో పెద్ద భాగం స్క్రబ్ టైఫస్ అని ఇటీవలి పదేళ్ళలోనే తేలినది. అది పొదలలో ఉండే అతి సూక్ష్మమైన పురుగు కాటువలన వచ్చేది. వేళకు ఇస్తే చవకగా దొరికే డాక్సీసైక్లిన్ మాత్రతో లొంగేది.

పశ్చిమ ఉత్తరప్రదేశ్ కథ ఇంకా విచిత్రం. అక్కడ ఏటా వర్షాకాలం వెళ్ళగానే పిల్లలు చనిపోతూ ఉంటే వైరస్ కోసం వెదికారు. కడపట బిజ్నోర్‌కు చెందిన పిల్లల వైద్యుడు డాక్టరు విపిన్ వశిష్ఠ, వెల్లూరుకు చెందిన వైరస్ శాస్త్రవేత్త డాక్టరు టి. జేకబ్ జాన్, వారి సహచరులు కలిసి దోషిని పట్టుకున్నారు. అది మన ఊళ్ళలో రోడ్ల ప్రక్కన, దిబ్బలమీద మొలిచే కసింద మొక్క. ఆకలితో ఉన్న పిల్లలు ఆ కాయలలోని గింజలు ఒలుచుకొని తినేవారు. కాలేయం, కండరాలు, మెదడు మూడూ ఒకేసారి దెబ్బతినేవి. 2016లో మన సరిహద్దున ఉన్న మల్కన్‌గిరి జిల్లాలో వందమందికి పైగా పిల్లలు పోయినప్పుడు కూడ జపనీస్ మెదడువాపుతోపాటు ఈ గింజల పేరు వినిపించినది. మా చిన్ననాట కసింద ఆకును గజ్జికి నూరి పూయుట మేము చూశాము. గింజలను మాత్రం ఎవరూ ముట్టనిచ్చేవారు కారు. ఎందుకని అడిగితే పెద్దలకు కారణం తెలియదు, వద్దంటే వద్దు.

ఇక ముజఫర్‌పూర్‌కు వద్దాము. అక్కడ ఈ జబ్బు 1995 నుండి నమోదవుతున్నది. దోమ అన్నారు, గబ్బిలం అన్నారు, పురుగుమందు అన్నారు, వడదెబ్బ అన్నారు. వెన్నునీరు తీసి పరీక్షిస్తే ఏ వైరసూ దొరకలేదు. 2013లోనూ 2014లోనూ డాక్టరు జేకబ్ జాన్, లక్నోకు చెందిన విష పదార్థాల శాస్త్రవేత్త డాక్టరు ముకుల్ దాస్ ఇక్కడికి వచ్చి, ఇది వాపు కాదు, రక్తంలో చక్కెర పడిపోయి వచ్చే ఎన్‌సెఫలోపతి అని, లిచీలోని ఒక పదార్థాన్ని అనుమానించవలసి ఉన్నదని ప్రకటించారు. 2014 వేసవిలో మన జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రము, అమెరికాకు చెందిన అటువంటి సంస్థయే అయిన సి.డి.సి. కలిసి లోతుగా విచారణ జరిపాయి. మే 26 నుండి జూలై 17 వరకు రెండు ఆసుపత్రులలో 390 మంది పిల్లలు చేరారు. 122 మంది మరణించారు. చక్కెర పరీక్షించిన 327 మందిలో 204 మందికి అది 70 మిల్లీగ్రాములు, లేదా అంతకన్న తక్కువ. జబ్బుపడిన 104 మంది పిల్లలను జబ్బులేని 104 మందితో పోల్చి చూస్తే రెండు తేడాలు నిలిచాయి. జబ్బుపడిన పిల్లలలో లిచీ తిన్నవారు ఎక్కువ, రాత్రి భోజనం చేయనివారు ఎక్కువ. 73 మంది రోగుల మూత్రంలో వెదకగా 48 మందిలో లిచీ విషపు ఆనవాళ్ళు కనిపించాయి. ఈ ఫలితాలు 2017లో లాన్సెట్ కుటుంబపు పత్రికలో వెలువడినవి.

మా శాఖవారికి ఈ జబ్బు జరిగే తీరు చెప్పుట సులభం. సబ్‌స్టేషను కంట్రోలు రూమునకు మామూలుగా స్టేషను సప్లై వస్తుంది. అది పోతే బ్యాటరీ బ్యాంకు ఆదుకుంటుంది. బ్యాటరీ అయిపోయేలోగా డీజిలు జనరేటరు నడవాలి. మెదడు మన కంట్రోలు రూము. శరీర బరువులో యాభయ్యవ వంతు ఉన్నా మొత్తం శక్తిలో అయిదవ వంతు అదే వాడుకుంటుంది, ఒక్క క్షణం కూడ ఆపదు. తిన్న అన్నం స్టేషను సప్లై. అది జీర్ణమైన తరువాత కాలేయంలో నిలువ ఉన్న గ్లైకోజెన్ అనే చక్కెర నిధి బ్యాటరీ. అదీ తరిగిపోతే శరీరం కొవ్వును కాల్చి, ఆ శక్తితో కాలేయంలో చక్కెరను కొత్తగా తయారు చేసుకుంటుంది. అది డీజిలు జనరేటరు. బాగా తిండి ఉన్న పిల్లకు బ్యాటరీ నిండుగా ఉంటుంది కనుక రాత్రంతా గడిచిపోతుంది. బక్కచిక్కిన పిల్లకు బ్యాటరీ సగమే. ఆ పైన రాత్రి భోజనం లేదు. తెల్లవారుజాము మూడు, నాలుగు గంటలకు జనరేటరు తప్పనిసరిగా అందుకోవాలి. సరిగా అక్కడే లిచీలోని ఎం.సి.పి.జి. అనే పదార్థం, దాని తోడబుట్టినదైన హైపోగ్లైసిన్ కలిసి ఇంధనపు గొట్టాన్ని మూసివేస్తాయి. కొవ్వు కాలదు, చక్కెర తయారు కాదు. సగం కాలిన కొవ్వు ఆమ్లాలు పేరుకొని మెదడుకు రెండవ దెబ్బ తీస్తాయి. పిల్ల కేక పెట్టేది అప్పుడే. పచ్చి కాయలలో ఈ విషం పండ్లలో కన్న ఎక్కువ.

కనుక ఉత్తరం వ్రాసిన మిత్రుని మనుమలు లిచీలు తిన్నా ఏమీ కాదు. వారి బ్యాటరీ నిండుగా ఉన్నది. విషం ఒక్కటే పిల్లను చంపదు, ఆకలి ఒక్కటే ఒక్క రాత్రిలో చంపదు. రెండూ ఒక గదిలో కలిసినప్పుడే ఆ పని జరుగుతుంది.

ఈ విషం క్రొత్తది కాదన్నది మమ్ములను నేటికీ కలవరపెడుతుంది. జమైకా దీవిలో ఆకీ అనే పండు పచ్చిగా తిని జనం చనిపోయే జబ్బుకు కారణం హైపోగ్లైసిన్ అని 1950ల నాటికే తెలుసు. ఆకీ, లిచీ, మనం తలంటుకు వాడే కుంకుడు, మూడూ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. లిచీ గింజలలో ఎం.సి.పి.జి. ఉన్నదని 1962లోనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఉత్తర వియత్నాంలో లిచీ పండే జిల్లాలలో ఇదే జబ్బు రాత్రివేళ పిల్లలకు వస్తే అక్కడివారు దానికి పీడకల అని పేరు పెట్టారు. ఇన్ని ముక్కలు ఇన్నిచోట్ల పడి ఉండగా వాటిని ఒక బల్లమీద పేర్చుటకు అర్ధ శతాబ్ది పట్టినది. మన ప్లాంటులో కూడ డిజైను విభాగం వద్ద ఒక కాగితం, మెయింటెనెన్సు వద్ద ఇంకొకటి ఉండి, రెండూ కలవక మోటారు కాలిపోయిన సందర్భాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి.

చికిత్స విషయం చెప్పనే లేదు. రక్తంలో చక్కెర చూచి, వెంటనే నరానికి 10 శాతం డెక్స్‌ట్రోస్ ద్రావణం ఎక్కించుట. అంతే. వాడుకలో ఉన్న 5 శాతం బాటిలు చాలదని, ఆ మూతబడిన కొవ్వు దారిని ఆపి మెదడును నిలబెట్టుటకు 10 శాతం కావాలని, అదీ జబ్బు మొదలైన నాలుగు గంటలలోగా అందితే పిల్లలు వేగంగా కోలుకుంటారని డాక్టరు జేకబ్ జాన్ గట్టిగా చెప్పారు. ఆ బాటిలు ఎక్కించుటకు పట్నం పోనవసరం లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేయవచ్చును. విచారణ తరువాత అధికారులు పల్లెలలో చాటింపు వేయించారు. పిల్లలను రాత్రి తినకుండా పడుకోబెట్టవద్దు, లిచీ తగ్గించండి, ఫిట్స్ వస్తే దగ్గరి కేంద్రానికే తీసుకుపోండి అని. తరువాత కొన్నేళ్ళు కేసులు బాగా తగ్గినవి. 2019లో తీవ్రమైన ఎండల మధ్య జబ్బు తిరగబెట్టి బీహారులో 150 మందికి పైగా పిల్లలను తీసుకుపోయినది. లిచీ ఒక్కటే కాదు, వేడి, ఉక్క, పోషకాహార లోపం కూడ ప్రధాన కారణాలేనని వాదించే వైద్యులు ఉన్నారు. ఆ వాదం ముగియలేదు. అయితే చక్కెర చూసి సరిదిద్దవలెనన్న విషయంలో మాత్రం భేదాభిప్రాయం లేదు.

లిచీ తోటలు లేని మన టౌన్‌షిప్‌లో దీని ప్రసక్తి ఏమని కొందరు అనవచ్చును. మన క్వార్టర్లలో మధుమేహం ఉన్న పెద్దలు ఎందరో ఉన్నారు. మాత్రో ఇన్సులినో వేసుకొని, ఏకాదశి అనో కార్తిక సోమవారం అనో భోజనం మానివేసేవారు వారిలో లేకపోలేదు. తెల్లవారి వారు తడబడుతూ మాట్లాడినా, ఒక చేయి పడిపోయినట్లు కనిపించినా, తెలివి తప్పినా, ఇంట్లోవారు పక్షవాతమని పెద్ద ఆసుపత్రికి పరుగెత్తుతారు. అది పక్షవాతమే కావచ్చును, చక్కెర పడిపోవుట కూడ కావచ్చును. రెండూ చూపునకు ఒకే విధంగా ఉండగలవు. గ్లూకోమీటరులో ఒక చుక్క రక్తం పెడితే క్షణాలలో తేడా తెలుస్తుంది. మెలకువగా ఉండి మింగగలిగినవారికి చక్కెర నీరు ఇవ్వవచ్చును. తెలివి తప్పినవారి నోటిలో ఏదీ పోయరాదు, ఊపిరితిత్తులలోకి పోతుంది. మేము వైద్యులము కాము. ఈ మాటలు మన వైద్య విభాగపు డాక్టరు గారికి చూపించి, వారు సరే అన్న తరువాతనే వ్రాస్తున్నాము.

ఆ సైటునుండి బదిలీ అయిన తరువాత పనిచేసిన ప్రతిచోటా ప్రథమ చికిత్స పెట్టెలో గ్లూకోమీటరు పెట్టించాము. ఒకచోట అకౌంట్సు వారు ఇది ఆమోదించిన జాబితాలో లేదని ఫైలు రెండుసార్లు త్రిప్పి పంపారు. మూడవసారి మా సొంత డబ్బుతో కొని, విసుగు పుట్టి వివాదం మానుకున్నాము. మరో సంగతి కూడ చెప్పవలసి ఉన్నది. 2013 నాటి ఆ జీపులో వడదెబ్బ తగిలే కూలీల కొరకు ఉంచిన గ్లూకోజు పొడి డబ్బాలు నాలుగు మా సీటు క్రిందనే ఉన్నాయి. స్పృహలేని పిల్లకు ఆ పొడి పట్టుటకు వీలులేదు. కాని నాలుగు కిలోమీటర్ల వద్ద మేము దాటిపోయిన ఆరోగ్య కేంద్రంలో డెక్స్‌ట్రోస్ బాటిలు ఉన్నదో లేదో మేము దిగి అడగనైనా లేదు.

2017లో ఆ పరిశోధన ఫలితాలు పత్రికలలో చదివిననాడు పాత సైటు డైరీ తీసి చూశాము. ఆ తాపీమేస్త్రీ ఫోను నంబరు అందులో ఉన్నది. ఫోను చేస్తే ఏమి చెప్పాలి? నీ పిల్ల ఆ రాత్రి ఒక రొట్టె తిని ఉంటే బ్రతికేదేమో అని చెప్పాలి. ఆ మాట నాలుగేళ్ళ క్రితమే, జీపు వెనుక సీటులో కూర్చొని, ఆ పిల్ల నాయనమ్మ మాకు చెప్పినది. డైరీ మూసి యథాస్థానంలో పెట్టాము.